గుసగుస రాని మామయ్య

మా మామయ్యకు గుసగుసలాడటం రాదు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా వెలగబెట్టి, చివరి సీటుదాకా వినబడేలా మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. రిటైరైన రోజున టికెట్ల సంచీ డిపోలో అప్పగించాడు గానీ, గొంతు మాత్రం ఇంటికి తెచ్చేసుకున్నాడు. ఆయన చెవిలో రహస్యం చెబితే ఊరంతా టముకు వేయించినట్టే.

అలాంటాయనకు పేగు క్యాన్సరొచ్చింది. మూడు వారాలకోసారి కీమో అన్నారు. సెలవు దొరికే ఉద్యోగం నాదే కాబట్టి, వెంట వెళ్లే పని మేనకోడలినైన నా నెత్తిన పడింది. ఆ గదిలో ఆరు కుర్చీలు, ఆరు సెలైన్ స్టాండ్లు. మందు ఎక్కడం మొదలవగానే మామయ్య "రైట్ రైట్!" అని అరిచేవాడు. సీసా ఖాళీ అయితే బస్సు ఆపినట్టు "హోల్డాన్!" అనేవాడు. ఉలిక్కిపడని పేషెంటు లేడు.

ఆయన పక్క కుర్చీ, లైబ్రరీలో పనిచేసే ఒక అమ్మాయిది. పాతికేళ్లుంటాయేమో. వృత్తిరీత్యా గుసగుస తప్ప ఇంకేమీ రాదు. "ఎలా ఉందమ్మా?" అని నర్సు అడిగితే, "బాగానే ఉంది" అని పెదాలు కదిపి పుస్తకంలో దూరిపోయేది.

మామయ్య అలా కాదు. "సిస్టర్! నాలుగు రోజులుగా నాకు విరేచనం కాలేదు!"

గదంతా తలలు దించుకుంది.

"మామయ్యా, కాస్త మెల్లగా."

"మెల్లగా చెబితే అవుతుందా ఏమిటే?"

తర్వాతిసారి "నోరంతా పుళ్లు సిస్టర్, మంచినీళ్లు కూడా మంటే!" అన్నాడు. పొద్దున పచ్చిమిరపకాయ కొరుక్కుని మరీ తిన్న మనిషి! నర్సు ఉప్పునీళ్లతో పుక్కిలించమంది. ఆపైసారి "జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది, దువ్వెన చూస్తే ఏడుపొస్తోంది!" అని గోల. ఇరవై ఏళ్లుగా ఆయన తల నున్నగా ఉంది. మందు బుర్రకెక్కిందేమోనని నాకు నిజంగానే భయమేసింది.

నాలుగోసారి పరువు పూర్తిగా తీశాడు.

"సిస్టర్! రెండు నెలలుగా నాకు నెలసరి రావట్లేదు! మళ్లీ వస్తుందా? రేపు పిల్లలు పుడతారా?"

"ఎవరికండీ?"

"నాకే!"

నేను సెలైన్ స్టాండు వెనక దాక్కోబోయాను. అది సన్నం, నేను లావు. నర్సు నవ్వు బిగబట్టి, "చాలామందికి మళ్లీ వస్తుంది పెద్దాయనా. డాక్టరమ్మతో విడిగా మాట్లాడండి. తోడు కావాలంటే పక్కవాళ్లని తీసుకెళ్లండి" అంది.

పక్కనున్న అమ్మాయి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. పుస్తకం తలకిందులుగా ఉంది. అప్పుడు చూశాను, మామయ్య చొక్కా జేబులో లైబ్రరీ చీటీలు! అడగలేనివన్నీ ఆమె రాసి ఇస్తుంటే, టికెట్టు పుచ్చుకున్నట్టు పుచ్చుకుని ఈయన కేకలు వేస్తున్నాడన్నమాట.

ఐదోసారి చీటీ రాలేదు. అమ్మాయి శాలువా కప్పుకుని ముడుచుకుని కూర్చుంది. మామయ్య చెయ్యి చాపి, ఆమె చేతిని తాకి చూశాడు. నర్సు ఆమెకు సూది పెట్టబోతోంది.

"హోల్డాన్! నాకు జ్వరం!"

నర్సు సూది పక్కన పెట్టి, ఆయనకు థర్మామీటరు పెట్టి చూసింది. "మీకు లేదు పెద్దాయనా."

"అయితే నీ థర్మామీటరు చెడిపోయింది. ఆ అమ్మాయికి పెట్టి చూడు!"

"వద్దు బాబాయ్ గారూ," ఆమె కళ్లలో నీళ్లు. "జ్వరమంటే ఇవాళ మందు ఆపేస్తారు. ఆపితే నాకు తగ్గదేమోనని భయం."

నూట రెండు ఉంది. క్షణాల్లో మంచం మీదికి చేర్చారు. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయట, ఇంకో పూట దాచుంటే ప్రాణం మీదికొచ్చేదని డాక్టరమ్మ చెప్పింది. మామయ్య ఆ రోజు "రైట్ రైట్" అనలేదు. ఆయన నోరు మూసుకుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మూడు వారాలకు వెళ్లేసరికి అమ్మాయి తన కుర్చీలో ఉంది. చిక్కిపోయింది గానీ కళ్లు మాత్రం కొంటెగా ఉన్నాయి. మామయ్య ఆశగా చెయ్యి చాపాడు. ఆమె చీటీ ఇవ్వలేదు.

"ఎలా ఉందమ్మా?" అంది నర్సు.

అమ్మాయి ఊపిరి పీల్చుకుని, పుస్తకం మూసింది.

"సిస్టర్! నాలుగు రోజులుగా నాకు విరేచనం కాలేదు!"

కారిడార్లో ఎవరిదో స్టీలు ట్రే కిందపడింది. మామయ్య చెవులదాకా ఎర్రబడ్డాడు. అటూ ఇటూ చూసి, ఆమె వైపు వంగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గుసగుసగా అన్నాడు:

"మెల్లగా తల్లీ... అందరూ వింటున్నారు."