పిల్లల వార్డు సిస్టర్

కృపాకుమారి చేతికి నరం దొరకని పసిబిడ్డ ఉండేది కాదు. అనంతపురంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన రెండేళ్లకే ఆ పేరు తెచ్చుకుంది. వాంతులతో వాడిపోయిన బిడ్డ వస్తే డాక్టర్ అభిలాష్ ముందు ఆమెనే పిలిచేవాడు. బుల్లి పాదాన్ని అరచేతిలో పట్టుకుని, బొటనవేలితో మెల్లగా నిమిరి, ఒక్క పోటుతో సూది ఎక్కించేది.

ఓ రోజు స్పెషల్ రూములో చెన్నమ్మ మనవడికి సెలైన్ పెట్టింది. విడపనకల్లులో నలభై ఎకరాల ఇంటి మనిషి చెన్నమ్మ.

"యా ఊరు పాపా మీది?"

"కంబదూరమ్మా."

"కంబదూరులో యాడ? ఎవురోళ్లు?"

"చర్చి పక్కన కాలనీ."

చెన్నమ్మ మనవడి వైపు తిరిగింది. కృపాకుమారి పట్టుకున్నంత మేరా మనవడి చేతిని కొంగుతో తుడిచింది.

మరుసటి నెల డ్యూటీ లిస్టులో కృపాకుమారి పేరు డ్రెస్సింగ్ రూముకు మారింది.

"స్పెషల్ రూములోళ్లు నువ్వొద్దంటాండారు, నేనేం చేసేది?" అంది హెడ్ సిస్టర్ కదిరమ్మ. "అయినా చీము కడగాలంటే నీకున్న ఓర్పు ఎవురికుండాది?"

పక్కనున్న సిస్టర్ లహరి కిసుక్కున నవ్వింది.

ఒక నెల అనుకున్నది ఎనిమిది నెలలైంది. షుగరు పుండ్లు, కుళ్లిన వేళ్లు. తను అడుగుపెడితే డ్యూటీ గదిలో మాటలు ఆగిపోయేవి. పనేమీ లేకున్నా కృపాకుమారి చేతులు కడుక్కునేది. వేళ్ల సందుల్లో చర్మం పగిలింది. ముద్ద దిగేది కాదు. మళ్లీ పిల్లల వార్డుకు వేస్తారన్న ఆశే రోజూ బస్సెక్కించేది.

ఓ మధ్యాహ్నం ఉరవకొండ నుంచి ఐదు నెలల బిడ్డను తెచ్చారు. విరేచనాలు. ఇద్దరు సిస్టర్లు నాలుగు చోట్ల పొడిచినా నరం దొరకలేదు.

"కృపను పిలవండి" అన్నాడు డాక్టర్.

పరుగున వచ్చింది. పాదం పట్టుకుంది.

"అక్కా, నీ కాళ్లు మొక్కుతా, బతికీయక్కా" అని ఏడ్చింది బిడ్డ తల్లి.

ఈమె కూడా ఏ ఊరని అడుగుతుందేమో అనిపించింది కృపాకుమారికి. సూది పక్కకు పోయింది. రెండోసారీ అంతే. చివరికి డాక్టరే సూది అందుకుని, బిడ్డ తల మీద నరం పట్టాడు.

"చూసినారా సార్?" అంది కదిరమ్మ. "అందుకే ఈమెను ఈడ వెయ్యలేదు నేను."

"ఏమైందమ్మా నీకు? ఇంతకుముందు ఇట్లా ఉండేదానివి కాదే" అన్నాడు డాక్టర్.

చెప్పడానికి ఎనిమిది నెలల సంగతులున్నాయి. కదిరమ్మ కదలకుండా అక్కడే నిలబడింది.

"ఏం లేదు సార్."

నెలాఖరున కదిరమ్మ కొత్త లిస్టు రాస్తుంటే కృపాకుమారే ఆ టేబుల్ దగ్గరికి వెళ్లింది.

"మేడం, నన్ను డ్రెస్సింగ్ రూములోనే ఉంచండి."

"నువ్వు అడక్కముందే వేసినాలే" అంది కదిరమ్మ, తలెత్తకుండా.