ఎనిమిది బేరింగుల గురునాథరావు

గురునాథరావు చెయ్యి పెట్టి చూడకుండా ఏ చక్రాన్నీ నమ్మడు. భిలాయి సెక్టార్ ఆరులో ఆయన క్వార్టరు ముందు ఎవరైనా స్కూటరు ఆపి "బాగున్నారా" అనేలోపే వంగి, చక్రం మధ్యనున్న హబ్బు మీద అరచెయ్యి వేసేవాడు. "మీ ముందు బేరింగు ఏడుస్తోంది. మీకు వినబడదు" అనేవాడు. మనిషి బాగున్నాడో లేదో ఆ తర్వాత అడిగేవాడు, అదీ గుర్తుంటే.

స్టీలు ప్లాంటు రోలింగు మిల్లులో ముప్ఫై రెండేళ్లు బేరింగులు విప్పి, కడిగి, గ్రీజు పెట్టి బిగించిన మనిషి. రిటైరయ్యాక ప్లాంటు ఆయన్ని వదిలేసింది గానీ బేరింగులు వదల్లేదు. ఒకసారి పక్క క్వార్టర్లో పెద్దాయన పోయాడు. శవాన్ని తీసుకెళ్లడానికి వ్యాను వచ్చింది. అందరూ ఏడుస్తుంటే ఈయన వెనక చక్రం దగ్గర గొంతుక్కూచుని, స్క్రూడ్రైవరు కొన హబ్బుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటున్నాడు. భార్య సత్యవాణి చొక్కా పట్టుకుని లాగింది.

"ఏటండీ ఈ పని? నలుగురూ చూస్తున్నారు."

"ఆయనకేటి, వెళ్లిపోనాడు. మరి ఈ నలుగురూ వెనక్కి రావాలా, వద్దా?"

రిటైరైన డబ్బుతో అందరూ ఇల్లు కొంటారు. గురునాథరావు కూడా ఇల్లే కొన్నానన్నాడు, కాకపోతే దానికి చక్రాలున్నాయి. జాముల్‌లో ఒక కంట్రాక్టరు వదిలించుకున్న పాత మేటడార్ వ్యాను అది. లోపల పడుకోడానికి బల్లలు వేయించాడు, గ్యాసు స్టవ్వుకి గట్టు కట్టించాడు, నీళ్ల డ్రమ్ము బిగించాడు, వెనక మూల ప్లైవుడ్ గది చేసి అందులో కమోడు పెట్టించాడు. ఆ చివరిది చూసి కాలనీ వారం రోజులు నవ్వింది. బండికి చక్రాల క్వార్టరని పేరు కూడా పెట్టింది.

వ్యాను ధర ఒక్కసారే ఇచ్చాడు. బేరింగుల ధర మాత్రం ఇస్తూనే ఉన్నాడు. చక్రానికి రెండు చొప్పున ఎనిమిది, ఒక్కోటి రెండు వందల ఎనభై. గ్రీజు, సీళ్లు, సుపేలాలో మెకానిక్కు బలరాం కూలీ వేరే. ఆ రోజుల్లో ఒక బేరింగు డబ్బుకి సత్యవాణికి మంచి నేతచీర వచ్చేది. అందుకే ఆవిడ చక్రాల్ని చీరల పేర్లతోనే పిలిచేది. ముందు ఎడమ చక్రం వెంకటగిరి, కుడిది ఉప్పాడ, వెనకవి రెండూ మంగళగిరి, పొందూరు. పండక్కి పాతచీర కట్టుకుని వాకిట్లోకి వచ్చి, జాకీ మీదున్న బండిని చూసి ఒళ్లు మండిపోయేది.

"ఉప్పాడ మొన్ననే కదండీ మార్చారు?"

"మొన్న మార్చింది బయటిది. ఇది లోపలిది."

"లోపలిది దసరాకి మార్చారు."

"అప్పుడు సీలు పాతదే ఉంచీసాను. పాత సీలుంటే గ్రీజు కారిపోద్ది. గ్రీజు లేకపోతే బేరింగు కాలిపోద్ది. అది కాలిందంటే చక్రం ఊడి మనకన్నా ముందు రాయపూర్ చేరతాది."

"చేరనివ్వండి. ఈ కొంపలో చక్రమైనా ఊళ్లు చూస్తాది."

ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. రెండేళ్లలో ఆ చక్రాల క్వార్టరు చేసిన అతి పెద్ద యాత్ర ఊరి చివరనున్న మరోదా దాకా.

ఇంట్లో ఈ గొడవల్లో తలదూర్చని మనిషి ఒక్కతే, సత్యవాణి తల్లి కన్నమ్మ. డెబ్భై మూడేళ్ల మనిషి, మాటకి ఎదురు చెప్పించుకునే రకం కాదు. కొన్నేళ్లుగా ఆవిడ ఊరు దాటలేదు. బస్సంటే డ్రైవరు కళ్లు ఎర్రగా ఉన్నాయనేది. రైలంటే పదిమంది కాళ్లు దాటుకు తిరగాలనేది. సాలూరులో ఉన్న చెల్లెలు నూకమ్మ కూడా ఈవిడకి తగ్గదే. భిలాయి ఎండలు తాను పడలేనని ఉత్తరాలు రాసేది. అలా అక్కాచెల్లెళ్లు మొహాలు చూసుకుని పదకొండేళ్లయింది.

1998 వైశాఖంలో నూకమ్మ మనవడి పెళ్లి కుదిరింది. ఈసారి కూడా కలవకపోతే ఇక ఈ ముసలివాళ్లు కలవరని సత్యవాణికి గట్టిగా అనిపించింది. బతిమాలింది, కోప్పడింది, రెండు రోజులు అన్నం మానేసింది. కన్నమ్మ కదల్లేదు. ఆఖరికి గురునాథరావు అత్తగారిని వ్యానెక్కించి అరగంట చూపించాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. దిగి వచ్చి కన్నమ్మ పెట్టె సర్దమంది.

బయల్దేరిన ఇరవయ్యో కిలోమీటరు దగ్గర బండి ఆగింది.

"బేరింగు వేడెక్కింది. అందరూ దిగండి" అని గురునాథరావు కొడుకు వైపు తిరిగాడు. "రాజేశ్, నువ్వు ముందు కుడి. సత్యా, నువ్వు వెనక ఎడమ. హబ్బు మీద చెయ్యి తియ్యకండి. అత్తయ్యా, మీరు దిగకండి. మధ్యలో బరువుండాలి, లేకపోతే ఇరుసు లెవెల్ తప్పిపోద్ది."

ముగ్గురూ తలో చక్రం దగ్గర వంగి, అరచేతులు ఆనించి, ఎండలో నిలబడ్డారు. దారిన పోయే లారీవాళ్లు ఇదేదో ఆంధ్రావాళ్ల పూజ అనుకుని నమస్కారం పెట్టి వెళ్లారు. పది నిమిషాలకి కిటికీలోంచి కన్నమ్మ తల బయటపెట్టింది.

"చల్లారిందా బాబూ?"

"చల్లారిపోయింది అత్తయ్యా. ఎక్కండర్రా."

ధమ్‌తరి దాటేసరికి ఇది అయిదోసారి. కాంకేర్ దాటేసరికి ఎనిమిదోసారి. "నాది మొదట్నుంచీ చల్లగానే ఉందండీ" అని సత్యవాణి అంటే, "నీది అట్లపెనం మీద ఆరితేరిన చెయ్యి, దానికి వేడి తెలీదు" అన్నాడు. భిలాయిలోనే పుట్టి పెరిగిన కొడుకు రాజేశ్‌కి తెలుగులో కోపం రాదు. "యే క్యా హై నాన్నా, సబ్ హస్ రహే హై" అని, అందరూ నవ్వుతున్నారన్న ఉక్రోషంతో చక్రాన్ని ఒక తన్ను తన్నాడు. తన్నినందుకు ఆ చక్రం ఇంకో అయిదు నిమిషాలు చల్లారవలసి వచ్చింది.

జగదల్‌పూర్‌లో పడుకుని తెల్లవారుజామునే బయల్దేరారు. ముహూర్తం పదకొండు ఇరవైకి. కొరాపుట్ చేరడానికే ఎనిమిదిన్నరయింది, అయిదుసార్లు ఆగారు మరి. అక్కడ టీలు తాగి గురునాథరావు మళ్లీ చక్రం వైపు నడుస్తుంటే సత్యవాణి అడ్డంగా నిలబడింది.

"తాళమిలా ఇవ్వండి. రాజేశ్ నడుపుతాడు. ఇంకోసారి హబ్బు మీద చెయ్యి పెట్టారంటే విరిచీస్తాను. నా చీరలన్నీ ఆ చక్రాల్లో పోశారు. అమ్మా పిన్నీ కలవకుండా కూడా చేస్తారా?"

ఆయన తాళం ఇచ్చి వెనకాల అత్తగారి పక్కన కూర్చున్నాడు. రాజేశ్ రెచ్చిపోయాడు. ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ గిన్నెలు బల్లకింద అటూ ఇటూ పరిగెడుతున్నాయి. నలభై కిలోమీటర్లు ఎక్కడా ఆగలేదు.

"బేరింగు వాసనొస్తోంది" అన్నాడు గురునాథరావు.

"రానివ్వండి."

"రెండు నిమిషాలు ఆపితే చాలు."

"ఆపొద్దురా."

"సత్యా, ఆపమను. నీకు దణ్ణం పెడతాను."

ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన దణ్ణం పెడతాననడం ఎప్పుడూ వినలేదు. సత్యవాణి వెనక్కి తిరిగింది. ఆయన చేతులు జోడించి ఉన్నాడు, కానీ కళ్లు చక్రాల వైపు లేవు. పక్కన కన్నమ్మ కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, రెండు చేతులతో బల్లని పట్టుకుని చెమటలు కక్కుతోంది. ఊగే బండిలో ఆ నొప్పుల మోకాళ్లతో లేచి వెనక మూల గదిదాకా నడవలేదు. ఆపమని నోరు తెరిచి అడగలేదు.

సత్యవాణికి బేరింగులన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తల్లి ఎందుకు దిగకూడదో, అందరి చేతులూ చక్రాలకి ఎందుకు అతుక్కుని ఉండాలో, కన్నమ్మ తల బయటపెట్టగానే ఆ ఇనుము ఎలా చల్లారిపోయేదో అన్నీ తెలిశాయి. తల్లిని రోజూ చూస్తూ తనకి తెలియనందుకు సిగ్గేసింది.

"రాజేశ్, ఆపు."

"అమ్మా, తుమ్ హీ బోలీ నా, ఆపొద్దని..."

"ఆపమన్నానా."

అందరికన్నా ముందు దిగి ఎడమ హబ్బు మీద చెయ్యి వేసింది. కుండలో నీళ్లలా చల్లగా ఉంది.

"మండిపోతోంది. చెయ్యి పెట్టలేకపోతున్నాను. దిగు రాజేశ్, నువ్వు కుడివైపు పట్టుకో. అమ్మా, నువ్వు దిగకు. ఇరుసు లెవెల్ తప్పిపోద్ది."

"థండా హై అమ్మా" అన్నాడు రాజేశ్.

"నీకేం తెలుసు, నోర్ముయ్."

వెనక చక్రం దగ్గర మొగుడి పక్కనే వంగి అడిగింది. "ఎప్పట్నుంచండీ?"

ఆయన హబ్బు మీదనుంచి చూపు తిప్పలేదు. "మూడేళ్లయింది. దుర్గ్ నుంచి బస్సులో వస్తుంటే ఆవిడకి ఆగలేదు, చీర తడిసిపోయింది. ఎవరూ చూడలేదనుకుని కొంగు కప్పుకుని ఏడిచారు. నేను చూశానని ఆవిడకి తెలీదు. నీకు తెలిసిందని కూడా తెలీకూడదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే ఉపాయం ఇంకా దొరకలేదు."

"మరి నా చీరలన్నీ ఊరికే పోసీసారా?"

"ఊరికేనేటి?" ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. "అవి మార్చవలసినవే. సీలు కారిపోతోంది కదా."

సత్యవాణికి నవ్వాగలేదు. చక్రాన్ని పట్టుకునే నవ్వింది.

"చల్లారిందా బాబూ?" అని కిటికీలోంచి గొంతు వినిపించింది.

"చల్లారిందమ్మా" అంది సత్యవాణి.

ముహూర్తానికి పది నిమిషాలుండగా సాలూరు పెళ్లిపందిట్లో దిగారు. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు పట్టుకుని, ముసలిదానివైపోయావంటే నువ్వే అయిపోయావని తిట్టుకుని, తలంబ్రాలు అయ్యేదాకా చేతులు వదల్లేదు. భోజనాలయ్యాక నూకమ్మ అక్కని అడిగింది.

"అంత దూరం ఎలా వొచ్చీసావే అప్పా?"

"ఏం చెప్పమంటావు? అల్లుడు మంచోడే గానీ బేరింగుల పిచ్చి. ఇరవై కిలోమీటర్లకోసారి ఆపీడమే. ఇరవై మూడుసార్లు ఆపాడు. ఏదోలే, నేనే ఓర్చుకున్నాను."

"ఇరవై మూడుసార్లా?"

నూకమ్మ మెల్లిగా లేచి వ్యాను దగ్గరికి నడిచింది. లోపలికి ఎక్కి, వెనక మూల ప్లైవుడ్ తలుపు తీసి చూసి, వేసి, దిగి వచ్చింది.

"సత్యా, మీ బండిలో ఇంకో మనిషికి చోటుందేటి? భిలాయి ఎలాగుంటాదో ఒకసారి చూద్దామనుంది."

గురునాథరావు నోరు తెరిచాడు. సత్యవాణి ఆయన్ని మాట్లాడనివ్వలేదు.

"చోటుకేటి పిన్నీ, బోల్డుంది. కాకపోతే ముందే చెప్పీస్తున్నాను, ఇద్దరి బరువంటే పది కిలోమీటర్లకే వేడెక్కిపోతాయి. అడుగడుక్కీ ఆగాలి. మీకు చిరాకేమో."

"ఆగితే ఆగనీ, నాకేటి తొందర?" అంటూ నూకమ్మ పెట్టె సర్దుకోడానికి గబగబా ఇంట్లోకి వెళ్లింది.