అమీనా ఇచ్చిన సాక్ష్యం

అమీనాది రాయచోటి. సౌదీలోని తబూక్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లుగా నర్సు. ఆసుపత్రి ఇచ్చిన ఫ్లాటులో ఆమెతోపాటు కరీంనగర్ అమ్మాయి రిషిత కూడా ఉంటుంది. రెండేళ్లుగా ఇద్దరి మధ్య అవసరానికి మించి మాటల్లేవు. రిషిత తన గిన్నెలు వేరు చేసుకుంది. అమీనా పొయ్యి దగ్గర ఉంటే వంటగదిలోకే రాదు.

కారణం ప్రసూన. పూర్తి పేరు జ్ఞానప్రసూనాంబ, శ్రీకాళహస్తి ఆవిడ. అప్పట్లో వీళ్ల ఫ్లాటులోనే ఉండేది. వార్డులో అందరికన్నా సీనియర్. రిషితకు పని నేర్పిన మనిషి.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, షుగర్ బాగా పెరిగిన ముసలాయనకు ఎంత ఇన్సులిన్ ఇవ్వాలో డాక్టరు ఫోన్‌లో చెప్పాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. "ఫార్టీ" అన్నాడు. "ఫార్టీ?" అని ప్రసూన తిరిగి అడిగింది. "యెస్, యెస్" అని పెట్టేశాడు. మందు సరిచూసే రెండో నర్సుగా పక్కనే ఉంది అమీనా. ప్రసూన నలభై యూనిట్లు ఇచ్చింది. సాయంత్రానికి ముసలాయన స్పృహ తప్పాడు. పదకొండు రోజులకు కళ్లు తెరిచాడు గాని, కొడుకులను గుర్తుపట్టలేదు.

విచారణలో డాక్టరు తాను "ఫోర్టీన్" అన్నానన్నాడు. నర్సింగ్ సూపర్‌వైజర్ అమీనాను గదిలోకి పిలిచి, టైపు చేసిన కాగితం ముందు పెట్టింది. డాక్టరు ఫోర్టీన్ అనడం విన్నాననీ, ప్రసూన తిరిగి అడగలేదనీ అందులో ఉంది. ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, అమీనా ఇకామా, రెన్యువల్ ఆ వారంలోనే ఉన్న సంగతి సూపర్‌వైజర్ మామూలుగా గుర్తుచేసింది. అమీనా సంతకం పెట్టింది. ప్రసూన లైసెన్సు ఆపేశారు. పదిహేను రోజుల్లో వీసా రద్దుచేసి, ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేశారు.

తర్వాత జర్మనీలో నర్సులకు ఉద్యోగాలున్నాయని విని అమీనా ఆన్‌లైన్ జర్మన్ క్లాసులో చేరింది. చేరాక గాని అందులో రిషిత కూడా ఉన్నట్టు తెలియలేదు. ఒక శుక్రవారం పొద్దున టీచరు చిన్న కథ చదివించింది. యుద్ధం ముగిశాక ఒక జర్మన్ ఊళ్లో విత్తనాల కొట్టు నడుపుకునేవాడి కథ. యుద్ధకాలంలో అతను రైల్వే గుమాస్తా. యూదులను శిబిరాలకు తీసుకెళ్లిన రైలు పెట్టెల నంబర్లు రాసేవాడు. తల్లిని పోగొట్టుకున్న ఒకామె వచ్చి నిలదీస్తే, "నేను అంకెలు రాశాను, అంతే" అంటాడు. ఊరివాళ్లు అతని కొట్టుకే వస్తుంటారు. ఆమెతో ఎవరూ మాట్లాడరు.

అతను దోషా కాదా వాదించమని టీచరు ఇద్దరిద్దరిని విడగొట్టింది. అమీనాకు రిషిత పడింది. గోడకు అటొకరు ఇటొకరు కూర్చుని తెరల మీద ఒకరినొకరు చూసుకున్నారు.

అమీనా వచ్చీరాని జర్మన్‌లో చెప్పింది. పైనుంచి వచ్చిన పని. అతను కాకపోతే ఇంకొకడు రాసేవాడు. పిల్లలున్నవాడు.

రిషిత తెలుగులోకి మారింది. "కథల పిల్లలున్నరని ఎక్కడుంది? గాయన గురించి చెప్తున్నవా, నీ గురించా?"

"పాఠం గురించి మాట్లాడు."

"పాఠమే మాట్లాడుతున్న. ప్రసూనక్క సామాన్లు కిందికి దించుతుంటే నువ్వు తలుపేసుకుని కూసున్నవ్."

"నువ్వయితే ఏం చేసేదానివి?"

"తెల్వదు. నన్ను పిలవలే. నిన్ను పిలిచిండ్రు."

రిషిత కెమెరా ఆపేసింది. నాలుగు రోజులు అమీనా కోపంతో రగిలిపోయింది. రిషితదే తప్పని చూపడానికి కథ మళ్లీ తీసి చదివింది. అందులో పిల్లలు లేరు. అతనికి పిల్లల్ని ఇచ్చింది తానే.

తాను సంతకం పెట్టింది అబద్ధమని లైసెన్సులిచ్చే ఆఫీసుకు మూడు పేజీల ఉత్తరం రాసి, ముందు ప్రసూనకు వాట్సాప్‌లో పంపింది. మర్నాడు ఫోన్ వచ్చింది.

"చదివినా" అంది ప్రసూన. పలకరింపు లేదు. "భయపడినాను అని ఆరుసార్లు రాసినావు. నా పేరు ఒక్కసారి ఉండాది."

"అక్కా, నన్ను క్షమిస్తావని..."

"అది నన్ను అడగొద్దు. ల్యాబులో రక్తాలు తీసుకుంటా ఉండా నేను, నీ ఏడుపు వినే టైము లేదు. అదంతా తీసేసి మళ్లీ రాయి. ఏ తేదీ, ఏ గది, ఎవరు పిలిచినారు, ఎవరు టైపు చేసినారు. ఫార్టీ ఎక్కువని మనిద్దరికీ తెలుసు. తెలిసి కూడా డాక్టరును గట్టిగా అడగలేదు. అదీ రాయి."

"అది రాస్తే నీకే నష్టం కదక్కా."

"నష్టపోయింది ఆ ముసలాయన. ఆయన కొడుకులకు ఎవరన్నా చెప్పినారా ఈ మాట?"

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

రెండోసారి రాసింది ఒక్క పేజీ. లైసెన్సులిచ్చే ఆఫీసుకు ఒక కాపీ పంపి, ఇంకొకటి అరబిక్‌లోకి మార్పించి ముసలాయన పెద్దకొడుక్కు తీసుకెళ్లింది. అతను ఆమెను లోపలికి రమ్మనలేదు. గేటు దగ్గరే నిలబడి చదివాడు.

"రెండేళ్లు ఎక్కడున్నావు?" అన్నాడు.

"ఇక్కడే" అంది అమీనా.

అతను డాక్టరు మీద, సూపర్‌వైజర్ మీద, ఇద్దరు నర్సుల మీద ఫిర్యాదు పెట్టాడు. ఆసుపత్రి అమీనాను డ్యూటీ నుంచి తప్పించింది. కేసు తేలేదాకా దేశం దాటకూడదన్నారు. జర్మనీ కాగితాలు అక్కడే ఆగిపోయాయి. రిషిత పరీక్ష పాసై వెళ్లిపోయింది, చెప్పకుండానే.

ప్రసూన ఫైలు మళ్లీ తెరిచారు. ఆమె నుంచి ఒకే మెసేజ్ వచ్చింది, విచారణ ఎప్పుడని. అమీనా తేదీ పంపి, ఎలా ఉన్నావక్కా అని కింద రాసింది. ప్రసూన చదివినట్టు కనిపించింది. జవాబు రాలేదు.