లిఫ్టువాడికి ఇచ్చిన బిళ్ళ

కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన ఆ రోజుల్లో, కేజీఎఫ్‌లో నాబోటి కుర్రాళ్ళ దృష్టిలో దొర అంటే బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, పెద్ద రోడ్డు మీద ఉద్యోగం చేసేవాడే. రెండు పక్కలా చెట్ల నీడ, తెల్లదొరల కాలం నాటి మేడలు, వాటి కింద అద్దాల కొట్లు. అక్కడ ఒక ఖరీదైన బట్టల షాపువాళ్ళు నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు. అది తప్పితే నాకు మిగిలింది గనే. రాతిదుమ్ముకు దగ్గి దగ్గి సగమైపోయిన నాయన, "నువ్వు మాత్రం కిందికి దిగొద్దురా" అంటూ నేను వద్దన్నా వినకుండా మారికుప్పం స్టేషన్లో నాతోపాటు రైలెక్కాడు.

షాపు లిఫ్టులోకి అడుగు పెడుతూనే నాయన జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి లిఫ్టువాడి చేతిలో పెట్టాడు. (గనిలోకి దిగేదీ ఇలాంటి పెట్టెలోనే, అక్కడ అదే పద్ధతి. దిగే ముందు బిళ్ళ ఇవ్వాలి, పైకొచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద ఎవరి బిళ్ళ మిగిలితే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు.)

"ఏంది పెద్దాయనా ఇది?" అన్నాడు లిఫ్టువాడు.

"బిళ్ళప్పా. తిరిగొచ్చినాక మరిచిపోకుండా ఇయ్యి. అది లేకుంటే నేను యాడుండానో ఎవురికీ తెల్దు."

సెంటు వాసనల అమ్మలిద్దరు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని నవ్వారు. నా ఖర్మకొద్దీ మేనేజరూ అందులోనే ఉన్నాడు. నా చేతిలో ఫైలు చూసి, "ఇంటర్వ్యూకా? ఈయన నీకేమవుతాడు?" అని అడిగాడు.

"మా ఊరాయనండీ. రైల్లో కలిశాడు" అన్నాను.

నాయన బిళ్ళ వెనక్కి తీసుకుని, బయటికెళ్ళి చెట్టు కింద కూర్చున్నాడు. తిరుగు రైల్లో దగ్గు కాస్త తెరిపిచ్చాక, "పని ఇచ్చినారా?" అన్నాడు. ఇచ్చారన్నాను. "ఇంగేం. ఊరోడంటే ఊరోడే. నువ్వు దిగకుంటే చాలు." సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిందని రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఉద్యోగంలో చేరి రెండు నెలలు కాలేదు, గనిలో బండ పగిలి కూలిందని కబురొచ్చింది. షాపు బూట్లతోనే పరుగెత్తాను. బోర్డు మీద ఒక్క బిళ్ళే మిగిలి ఉంది. "ఈ బిళ్ళాయన నీకేమైతాడప్పా?" అని గుమస్తా అడిగాడు.

"మా నాయన" అన్నాను. అక్కడున్నవాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. వినవలసిన మనిషి కిందే ఉండిపోయాడు.

ఇప్పుడు ఏ లిఫ్టు ఎక్కినా చెయ్యి జేబులో, గుమస్తా నాకప్పగించిన ఆ బిళ్ళ మీదికి పోతుంది. (ఇద్దామంటే ఈ కాలపు లిఫ్టుల్లో లిఫ్టువాడే లేడు.) పక్కనున్నవాళ్ళకు, వాళ్ళు అడక్కపోయినా, "ఇది మా నాయనది" అని చూపిస్తాను. ముసలాడికి తిక్క అనుకుని వాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను.