ఇంగ్లీషులో చేతికి రాని కంది

థీసిస్‌లో భాష సరిచూసినట్టు ఇంగ్లీషు లెక్చరర్ ఎవరైనా సంతకం పెట్టాలని మా యూనివర్సిటీ షరతు. నారాయణఖేడ్‌లో ఆ సంతకానికి మా కాలేజీ ఇంగ్లీషు సారు తప్ప దిక్కు లేదు. ఆ సంగతి ఆయనకు మా కంటే బాగా తెలుసు. స్టాఫ్ రూంలో ఫ్యాను కింద కుర్చీ ఆయనది. చాయ్ మొదట ఆయనకే పోయాలి. ఎర్ర పెన్ను జేబులో లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఉండరు.

అదే కాలేజీలో నేను అర్థశాస్త్రం చెబుతాను. నా పరిశోధన నాగల్‌గిద్ద దిక్కు కంది రైతుల మీద. చదివిందంతా తెలుగు మీడియం. ఇంగ్లీషులో రాయడానికి కూర్చుంటే పదాలైతే ఇంగ్లీషువే వస్తాయి గానీ, ఏ పదం పక్కన ఏ పదం కూర్చోవాలో మా అమ్మే చెబుతుంది. మా దగ్గర వాన కొడుతుంది కాబట్టి 'రెయిన్ హిట్' అని రాశాను. పెద్ద వాన కాబట్టి 'బిగ్ రెయిన్' అన్నాను. సారు దాన్ని 'హెవీ రెయిన్' చేశాడు. వాళ్ల భాషలో వాన బరువుగా ఉంటుందట, ఉండనీ. అంతవరకు నాకు పేచీ లేదు.

పేచీ నాలుగో అధ్యాయంలో వచ్చింది. అందులో ఉన్నవన్నీ రైతులు చెప్పిన మాటలే. ఆ రైతుల్లో మా అమ్మ కూడా ఉంది. నేను రైతులను అడిగి రాసుకున్న ఏడు మా చేన్లో కంది మనిషెత్తు పెరిగి విరగకాసింది. కోసి కుప్ప పెట్టాక ముసురు పట్టింది. కుప్పలోనే గింజ మొలకెత్తింది. అమ్మ చెప్పింది ఒక్కటే ముక్క: "పంట మంచిగనే పండింది బిడ్డా, చేతికే రాలే." నేను దాన్ని 'ది క్రాప్ కేమ్ వెల్, బట్ డిడ్ నాట్ కమ్ టు హ్యాండ్' అని రాసి కొటేషన్ మార్కులు పెట్టాను.

సారు దాన్ని కొట్టేసి 'ది క్రాప్ ఫెయిల్డ్' అని రాశాడు. కొటేషన్ మార్కులు మాత్రం భద్రంగా ఉంచాడు. అంటే మా అమ్మ నోట్లో తన మాట కుక్కాడు. మిగతా రైతులందరికీ అదే మర్యాద చేశాడు. దిద్దిన ప్రతిని తనే యూనివర్సిటీకి మెయిల్ చేయడం ఆయన పద్ధతి. నాకంటే ముందు అది మా గైడు మేడం చదివింది.

"రెండో అధ్యాయంలో దిగుబడి బాగుందని నువ్వే రాశావు. నాలుగో దాంట్లో పంటే పండలేదని రైతులు అంటున్నారు. ఏదో ఒకటి అబద్ధం. తేల్చకపోతే నాలుగోది తీసెయ్" అంది ఫోన్లో.

నాలుగోది తీసేస్తే అమ్మ మాట పోతుంది. ఉంచితే అమ్మ అబద్ధాలకోరు అవుతుంది. పంట పండకపోతే తప్పు సేద్యం చేసినోళ్ల మీదికి వస్తుంది, చేతికి రాకపోతే రాదు. ఇంగ్లీషులో డిగ్రీ మీద డిగ్రీ చేసిన మనిషికి ఆ తేడా తెలియదా అని ఒళ్లు మండింది. నేరుగా స్టాఫ్ రూంకు పోయాను.

"సార్, గా మాట రైతుది. మార్చొద్దు."

"ఇంగ్లీషుల అట్ల ఎవరంటరు మేడం? కమ్ టు హ్యాండ్ ఏంది? తెలుగు వాసన కొడుతుంది. గిట్లనే ఉంటే నేను సంతకం పెట్ట."

ఈయన క్లాసులో 'పుట్ ది ఫ్యాన్' అంటాడు. 'పుట్ ది అటెండెన్స్' అంటాడు. ఫ్యాను వేయడం, హాజరు వేయడం ఎవరింట్లోంచి వచ్చాయో ఆయనకు తట్టదు. ఆయన నోట్లోంచి వస్తే ఇంగ్లీషు, మా కలంలోంచి వస్తే వాసన.

"పోనీ, పోస్ట్ హార్వెస్ట్ లాస్ అని పెట్టుకో" అన్నాడు, దానం చేస్తున్నట్టు.

"పట్టికల పెట్టిన సార్. ఇది మా అమ్మ అన్న మాట. ఆమె గట్ల అనలే."

"ఆమె ఏమన్నదో ఎవనికి కావాలె?"

అప్పుడే ఆయన ఫోను మోగింది. బోరంచ దిక్కు ఊరి నుంచి తల్లి. రోజూ ఆ వేళకే చేస్తుంది. తల్లితో మాట్లాడేటప్పుడు మాత్రం సారు మా అందరిలాంటి మనిషే. "అవ్వా, తిన్నవా? మోకాలు ఎట్లుంది?" అని అడిగాడు. ఆ తర్వాత కోతల కాలంలో మా దగ్గర ఎవరైనా అడిగేదే అడిగాడు. "కంది చేతికొచ్చిందా?"

ఆయన ఫోను పెట్టేసేదాకా ఆగాను.

"సార్, గిప్పుడు మీరు అవ్వను అడిగింది ఇంగ్లీషుల ఏమంటరు?"

సారు చాయ్ గ్లాసు ఎత్తాడు. అది ఖాళీ. మళ్లీ బల్ల మీద పెట్టాడు. ఒప్పుకునే రకం కాదు కాబట్టి ఒప్పుకోలేదు. "కింద ఫుట్‌నోట్ రాసుకో. ఎవరన్న అడిగితే నాకు సంబంధం లేదు" అని గొణిగి, కొట్టేసిన వాక్యాలన్నీ వెనక్కి పెట్టించి, చివరి ప్రతి మీద సంతకం గీకాడు.

బైండు చేయించిన పుస్తకం పట్టుకుని ఆటోలో ఊరికి పోయాను. నా మాట యాడుంది అని అడిగింది అమ్మ. పేజీ తీసి, ఆమె వేలు పట్టుకుని వాక్యం మీద పెట్టాను.

"ఏమని ఉంది?"

"మంచిగనే పండింది, చేతికి రాలే అని."

"ఇంగ్లీషుల గట్లంటరా?"

"అనరంట. నువ్వన్నవని రాసిన."

అమ్మ వేలు తీయలేదు.

"మంచిగ చేసినవ్. పండలే అని రాస్తే మాకు సేద్యం రాదనుకుందురు."