నునుపు మాస్టారి సముద్రం

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ నునుపు మాస్టారే. మాస్టారు అన్నది బడిలో పాఠాలు చెప్పి సంపాదించుకున్నది కాదు. తన స్టూడియోలో స్టూలు మీద కూర్చున్న ప్రతివాణ్ణీ "గడ్డం దించు, భుజాలు సరిచెయ్యి, కదలకు" అని అదిలించగా అదిలించగా వచ్చింది. ఇక నునుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. మొటిమలతో లోపలికి వెళ్ళినవాడు మొటిమలు లేకుండా బయటికొస్తాడు, కాగితం మీదైనా సరే. లోతుకు పోయిన బుగ్గల్ని నింపుతాడు, వేలాడే గడ్డాన్ని మాయం చేస్తాడు, పలచబడ్డ జుట్టుకు పక్క నుంచి కాస్త అరువు తెచ్చి అతికిస్తాడు. ఒకసారి ఓ పెద్దాయన తన ఫోటో అందుకుని, "మా తమ్ముడిది నాకిచ్చావేమిటయ్యా?" అని అడిగాడు. మాస్టారు దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నాడు.

అయితే ఆయనకూ ఓ నియమం ఉంది. పాస్‌పోర్టు ఫోటోల జోలికి పోడు. "పాస్‌పోర్టు ఫోటోలకు మెరుగులు దిద్దబడవు. బతిమాలవద్దు" అని గోడ మీద బోర్డు కూడా రాయించాడు. ఎవరు ఎంత ప్రాధేయపడినా కరగడు. "అక్కడివాళ్ళకి నీ అందంతో పనిలేదమ్మా. నువ్వు నువ్వేనా కాదా, అంతే వాళ్ళకి కావాల్సింది" అంటాడు. ఊరందరికీ చెప్పిన ఆ మాట ఆయన తన ఇంట్లోవాళ్ళ దగ్గర నిలబెట్టుకోలేకపోవడమే ఈ కథ.

స్టూడియో వెనక గోడకు ఒక సముద్రం వేలాడుతుంటుంది. నీలం నీళ్ళు, పసుపు ఇసుక, పక్కకు వంగిన రెండు కొబ్బరిచెట్లు. ఎప్పుడో గుడ్డ మీద వేయించిన తెర. దాని ముందు నిలబడి ఊళ్ళో సగం మంది చల్లగాలి పీలుస్తున్నట్టు ఫోటోలు దిగారు. ఆ తెర మీద దుమ్ము దులపడం, తడిగుడ్డతో తుడవడం మాస్టారి భార్య పని. పెళ్ళయి వచ్చిన కొత్తలో మొదలుపెట్టింది, ఇంకా తుడుస్తూనే ఉంది. ఆవిడ నిజం సముద్రం చూసింది లేదు.

అసలు ఈ విదేశీ ప్రయాణానికి అగ్గి రాజేసింది మాస్టారే. ఆయన వదిన, అంటే ఆయన భార్యకు తోటికోడలు, పిల్లల్ని తీసుకుని పరాయి దేశంలో సముద్రం ఒడ్డున ఏదో రిసార్టుకు వెళ్ళొచ్చింది. వచ్చీ రాగానే ఫోటోలన్నీ మరిదికి పంపి, "కాస్త చూడు మరిదీ, నేను లావుగా పడ్డాను" అంది. మాస్టారు వదిన్ని సన్నబరిచాడు. అక్కడితో ఆగితే బాగుండేది. చెయ్యి ఊరుకోదుగా! వెనకాల సముద్రం బురదరంగులో ఉంటే కంటికి ఇంపుగా లేదనిపించి దాన్ని నీలం చేశాడు. ఒడ్డున పడున్న చెత్త ఏరేశాడు. మబ్బు పట్టిన ఆకాశాన్ని కడిగి ఆరేశాడు. ఆ ఫోటోలు పెద్దవి చేయించుకుని తోటికోడలు తన ఇంటి హాలు నిండా తగిలించుకుంది.

వాటిని చూసొచ్చిన రోజు మాస్టారి భార్య వంటింట్లోకి కూడా వెళ్ళకుండా సరాసరి స్టూడియోకొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఏవండీ, ఇన్నేళ్ళూ ఈ సముద్రాన్ని తుడిచి తుడిచి నా చేతులు అరిగాయి. నేను తుడవక్కర్లేని సముద్రం ఒకటి చూడాలి. అక్క వెళ్ళిన చోటికే వెళ్దాం. నీళ్ళు అంత నీలంగా ఉంటాయని నేనెప్పుడూ అనుకోలేదు."

మాస్టారు ఇరుకున పడ్డాడు. నీళ్ళు అంత నీలంగా లేవని చెప్పాలి, చెబితే తన పని తనే బయటపెట్టుకున్నట్టు. చెప్పకపోతే అంత దూరం వెళ్ళాక ఆవిడే చూస్తుంది. ఇంత ఆశపడి ఆవిడ నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. మాస్టారు "అలాగే" అన్నాడు.

ఇక రిసార్టు వెతకడం మొదలైంది. అదో ప్రహసనం. రోజూ భోజనాలయ్యాక నలుగురూ కంప్యూటరు ముందు చేరేవారు. పిల్లలు ఒక్కో రిసార్టూ తెరిచి చూపించడం, మాస్టారు దాన్ని చీల్చి చెండాడటం.

"ఈత కొలను ఎంత పెద్దదో చూడు నాన్నా!" అనేవాడు కొడుకు.

"పెద్దదా నా మొహమా! వెడల్పు లెన్సు పెట్టి తీశాడురా. దిగితే మోకాళ్ళు గోడకు కొట్టుకుంటాయి."

"ఈ గది బాగుంది నాన్నా, కిటికీలోంచి సముద్రం" అనేది కాలేజీ చదువుతున్న కూతురు.

"కిటికీలో సముద్రం అతికించారమ్మా. గదిలో నీడ కుడివైపు, బయట ఎండ కూడా కుడివైపు. ఎక్కడైనా కుదురుతుందా?"

ఒక కొబ్బరిచెట్టునైతే మూడు రిసార్టుల ఫోటోల్లో పట్టుకుని దొంగను పట్టుకున్నంత సంబరపడ్డాడు. లోకంలో ఇంత మోసం ఉందా అని ముక్కున వేలేసుకున్నాడు కూడా. బొమ్మల్ని దిద్ది జనాన్ని ఏమార్చేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అనేవాడు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు.

చివరికి భార్యకు విసుగొచ్చింది. "మీరు తియ్యని ఫోటో ఏదైనా మీకు అబద్ధమే. అక్క వెళ్ళిన దానికే గది చెప్పండి. దాని ఫోటోలైతే మీ చేతిమీదుగానే వెళ్ళాయిగా" అంది. మాస్టారు ఆ పూటే గది చెప్పేశాడు. విమానం టిక్కెట్లు కూడా తీసుకున్నారు. ఇక మిగిలింది పాస్‌పోర్టులు.

ఓ ఆదివారం స్టూడియో మూసి ఇంటిల్లిపాదికీ ఫోటోలు తీశాడు మాస్టారు. తెల్లతెర దించి, దీపాలు సర్ది, ఒక్కొక్కరినీ స్టూలు ఎక్కించాడు. చివరికి మాస్టారే మిగిలాడు. ఆయన్ని తీసేవాళ్ళెవరు? ఆ ఇంట్లో ఏ ఆల్బం తిరగేసినా మాస్టారు కనిపించడు. కెమెరా ఆయన చేతిలో ఉంటే ఆయన బొమ్మలోకి ఎలా వస్తాడు? భార్య కెమెరా అందుకుంది. "ఇక్కడేనా నొక్కాలి?" అని అడిగి నొక్కేసింది. మాస్టారు ఇంకా గడ్డం దించనే లేదు.

ఆ రాత్రి మాస్టారు ఫోటోలు అచ్చువేయడానికి కూర్చున్నాడు. నియమం గుర్తుంది. బోర్డు నెత్తిమీదే ఉంది. కానీ కూతురి బుగ్గ మీద మొటిమ ఎర్రగా కనిపిస్తుంటే కన్నతండ్రికి చూస్తూ ఊరుకోవడం ఎలా చేతనవుతుంది? దాన్ని తీసేశాడు. కొడుకు చెవులు చేటల్లా ఉన్నాయి, కాస్త లోపలికి నొక్కాడు. ఇక భార్య మొహం దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే పరుగెత్తింది. కళ్ళకింద నలుపు, నుదుటి గీతలు, నోటి పక్క ముడతలు. ఆవిడ మొహం ఆయనకు కొట్టిన పిండి. కళ్ళు మూసుకుని కూడా దిద్దగలడు. దిద్దాడు. తన ఫోటోని మాత్రం పట్టించుకోలేదు. తన మొహం మీద ఆయనకెప్పుడూ మోజు లేదు.

పొద్దున ఫోటోలు చూసి కూతురు మురిసిపోయింది. "నా చెవులేవి?" అన్నాడు కొడుకు. భార్య తన ఫోటోని కాసేపు చూసి సంచిలో పెట్టుకుంది.

పాస్‌పోర్టు ఆఫీసులో కిటికీ వెనక కూర్చున్న అధికారిణి కళ్ళజోడు సవరించుకుని, ఫోటోలు ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూసింది. కొడుకు వంక చూసి, "చెవులు కనపడాలి బాబూ" అని ఫోటో పక్కన పడేసింది. కూతురి ఫోటో కూడా దాని మీద పడింది. భార్య ఫోటో దగ్గర ఆగింది.

"ఈవిడెవరు? మీ చెల్లెలా?"

"నేనేనండీ" అంది మాస్టారి భార్య.

అధికారిణి ఫోటోనీ మనిషినీ మార్చి మార్చి చూసింది. "మొహం మీద గుర్తులేమైనా ఉన్నాయా? మచ్చలు, గాట్లు?"

భార్య నోరు తెరవబోయేలోగా మాస్టారు ముందుకు వంగాడు. "ఏమీ లేవండీ. శుభ్రమైన మొహం."

"శుభ్రమా? ఎడమ కనుబొమ్మ మీద అంత గాటు ఉంటేనూ!" అంది అధికారిణి.

మాస్టారు తిరిగి చూశాడు. ఉంది. కనుబొమ్మను రెండుగా చీలుస్తూ తెల్లటి గీత. స్టూడియో పెట్టిన కొత్తలో దీపం స్టాండు ఒరిగి మాస్టారి మీద పడబోతే, తెర తుడుస్తున్న ఆవిడ చెయ్యి అడ్డం పెట్టబోయి తలే అడ్డం పెట్టింది. కుట్లు పడ్డాయి. ఆ తర్వాత తీసిన ప్రతి ఫోటోలోనూ మాస్టారు ఆ గాటును మాయం చేస్తూ వచ్చాడు. చేసి చేసి, చివరికి మనిషి మీద కూడా అది లేదనే అనుకున్నాడు. పాపం, ఆయన అబద్ధం చెప్పలేదు. అదే ఘోరం.

"మీ ఫోటో ఒక్కటే పనికొస్తుందండీ" అంది అధికారిణి మాస్టారితో. "మీరైతే వెళ్ళొచ్చు."

ఇంటికొచ్చాక భార్య చెప్పులు విప్పుతూ మెల్లిగా అంది. "ఆ ఫోటోలో ఆవిడ ఎవరో గానీ, బాగుంది. ఆవిణ్ణి తీసుకెళ్ళండి సముద్రానికి. నేను రాను."

మాస్టారు నవ్వించబోయాడు. పని జరగలేదు. కోప్పడి చూశాడు. "నీ అందం కోసమేగా చేశాను!" అన్నాడు. అదింకా పెద్ద తప్పయింది. ఆవిడ ఏడవలేదు, అరవలేదు, అన్నం కూడా మామూలుగానే వడ్డించింది. స్టూడియోకి మాత్రం రావడం మానేసింది. తెర మీద సముద్రానికి దుమ్ము పట్టింది. ప్రయాణం దగ్గరపడుతుంటే పిల్లలు తల్లి చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. చివరికి ఆవిడ, "మీకోసం ఫోటో దిగుతాను. వస్తానని మాత్రం చెప్పలేదు" అని స్టూలెక్కింది.

మాస్టారు కెమెరాలోంచి చూశాడు. గాటు ఉంది. కళ్ళకింద నలుపు ఉంది. పిల్లల జ్వరాలకు మేలుకున్న రాత్రులు, పండు వయసులో అత్తగారికి చేసిన సేవ, తన చిరాకులు, అన్నీ ఆ మొహంలో ఎక్కడివక్కడ కూర్చున్నాయి. తను దిద్దిన మొహం కంటే ఇదే బాగుందని ఆయనకు తోచింది. తోచగానే భయమేసింది. ఇన్నేళ్ళూ తను చేసిన పనేమిటి మరి?

నొక్కాడు. అచ్చువేయబోయాడు. చెయ్యి అలవాటుగా దిద్దబోతే రెండో చేత్తో పట్టుకున్నాడు. ఉన్నదున్నట్టుగా అచ్చువేసి ఫోటో ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ చాలాసేపు చూసుకుంది. "ఇంత అలసిపోయానా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఈ కళ్ళకింద నలుపొక్కటీ కాస్త..."

"బతిమాలవద్దు" అని మాస్టారు బోర్డు వైపు వేలు చూపించాడు. ఆవిడకు నవ్వు రాబోయి ఆగింది. అదే అదనుగా ఆయన కక్కేశాడు. "ఇంకో మాట. ఆ సముద్రం నీలం కాదు. నేను చేసిన నీలం. అసలు బురదరంగు. ఒడ్డున చెత్త కూడా ఉంది."

"తెలుసు. అక్క చెప్పింది" అంది ఆవిడ.

"తెలిసీ వెళ్దామన్నావా?"

"మీరు చెప్తారేమోనని చూశాను" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. వస్తానని అప్పుడు కూడా చెప్పలేదు.

మళ్ళీ అదే కిటికీ, అదే అధికారిణి. కొడుకు చెవులు పాసయ్యాయి. కూతురి మొటిమ పాసయింది. భార్య ఫోటో అందుకుని అధికారిణి మొక్కుబడిగా అడిగింది. "గుర్తులు?"

"ఎడమ కనుబొమ్మ మీద గాటండీ" అన్నాడు మాస్టారు. "మా స్టూడియో దీపం పడి తగిలింది. నా మీద పడాల్సింది. కళ్ళకింద నలుపు ఉంది, ఎడమ కన్ను కింద కాస్త ఎక్కువ, అటు తిరిగే పడుకుంటుంది. నోటి పక్కన గీత ఉంది, నవ్వితే లోతవుతుంది. ఈమధ్య నవ్వలేదనుకోండి. గడ్డం కింద చిన్న పుట్టుమచ్చ, తల పైకెత్తితే గానీ కనపడదు. చెవి వెనక..."

"ఒక్కటి చాలండీ" అంది అధికారిణి.

వెనక వరసలో ఎవరో నవ్వారు. మాస్టారు నాలుక కరుచుకుని భార్య వైపు తిరిగాడు. ఆవిడ నోటి పక్కన గీత లోతయింది.

"సంతకం ఎక్కడ పెట్టాలండీ?" అని ఆవిడ అధికారిణిని అడిగింది.