సెకండ్ బేస్ కాడ మా అక్క

మా పెద్దనాయిన బిడ్డ, నేను అక్కా అని పిలిచే మనిషి, పోయిన నెల కాలం చేసింది. నెల్లికుదురు నుంచి బావ ఫోన్ చేసి, "మీ అక్క ఇగ లేదు. ఛాతీల నొప్పి అన్నది, దవాఖానకు చేరకముందే పోయింది" అన్నడు. నేను అప్పుడు ఆఫీసులో ఉన్న. కూర్చున్న కుర్చీని చూస్తే సిగ్గేసింది. ఎందుకో చెప్త.

అక్క బేస్‌బాల్ ఆడేది. మనకాడ చానామందికి తెలియని ఆట. బంతిని కట్టెతో కొట్టి, నేల మీద గుర్తు పెట్టిన మూడు బేసులు దాటి, మొదలైన చోటికి ఉరికొస్తే ఒక పరుగు. తొర్రూరు బడిలో మొదలుపెట్టి జిల్లాకు, తర్వాత రాష్ట్రానికి, ఏండ్ల తరబడి సెకండ్ బేస్ కాడ కాపలా ఆమెనే. బంతిని ఆకాశానికి లేపి చప్పట్లు కొట్టించుకునే రకం కాదు. ఇద్దరి నడుమ సందు చూసి నేల మీదుగ కొట్టేది. ఆమె కొట్టని మ్యాచ్ అరుదు. "పెద్దగ కొట్టుడెందుకే? అందకుంట కొడితే సాలు" అనేది. నేను గూడ ఆమె టీమ్‌లనే ఆడేదాన్ని. ఆటైనంక మా అందరి గ్లౌజులకు నూనె రాసి, ఆఖరికి తనది తీసేది.

జాతీయ పోటీల ఆఖరి మ్యాచ్‌లో స్కోర్లు సమం. నేను మూడో బేస్ మీదున్న. కోచ్ అక్కను పిలిచి, బంతిని మెల్లగ తట్టి వదలమన్నడు. అట్ల తడితే ఆమె అవుటైతది, ఆ సందున నేను మొదలైన చోటికి ఉరకొచ్చు. పోతపోత నాతోని, "నన్ను సూడకు, ఉరుకు" అన్నది.

ఉరికిన. గెలిచినం. పేపర్ల నా ఫోటో పడ్డది. ఆ పేరుతోనే ఆటల కోటాలో కొలువొచ్చింది. అక్క పెండ్లి చేసుకొని మిరప చేన్లకు కూలికి పోయింది. సాయంత్రాలు బడి ఆడపిల్లలకు ఆట నేర్పింది.

నాది తప్పేం లేదని అందరంటరు. ఒకసారి ఆమెనే అడిగిన, "అక్కా, ఆ రోజు తట్టకుంట కొడితే ఏమైతుండె?"

మిరప ఘాటు అంటిన చేతులు కడుక్కుంట, "కొట్టేదాన్నే. సందు గూడ కనబడ్డది" అన్నది. తర్వాత నాకు అన్నం పెట్టింది. ఆ బువ్వ నాకు ఇప్పటికీ దిగలేదు.

దినాలైనంక అక్క ఆట నేర్పిన బడి గ్రౌండుకు పోయిన. పిల్లలు ఆటకు దిగిండ్రు గని, సెకండ్ బేస్ కాడికి ఎవ్వరూ పోలే. ఒక పిల్ల నా దగ్గరికొచ్చి, "అక్కా, మీరు నిలబడుతరా?" అనడిగింది.

చెప్పులిడిచి పోయి నిలబడ్డ. పొద్దు గూకుతున్నా ఎర్రమట్టి ఇంకా కాలుతనే ఉన్నది.